పెద్దాయన కుడిచెయ్యి

గంటలో లేస్తారమ్మా, మందు వేసుకున్నాక ఆ మాత్రం పడుకుంటారు, అని చెప్పి పెద్దాయన భార్య లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. నా ఒళ్ళో పెద్దాయన బాస్ గిటార్ ఉంది. ఇన్నేళ్ళూ ఒక క్యాసెట్ అట్ట మీద చూసింది, సభల్లో చివరి వరసలో కూర్చుని ముందువాళ్ళ తలకాయల సందుల్లోంచి చూసింది, ఇప్పుడు చంటిపిల్ల బరువుతో నా తొడల మీద పడుకుని ఉంది. ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలనిపించి కుళాయి ఎక్కడని అడిగితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి చూపించింది. గది చిన్నది. కిటికీ పక్కన ఆయన కూర్చునే కుర్చీ, దాని మీద నొక్కి నొక్కి రంగు వెలిసిన రబ్బరు బంతి, పడిపోయిన చేతికి కసరత్తు కోసం డాక్టరు ఇచ్చి ఉంటాడు. గోడవారగా గిటార్ శబ్దం పెంచే చిన్న యాంప్, దాని మీద మందుల డబ్బా, మూతపెట్టిన నీళ్ళ గ్లాసు. ఒక మనిషికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిందంటే ఇంట్లో అడుగు పెడుతూనే ఎవరైనా ఎలా ఉన్నారు, నడవగలుగుతున్నారా అని అడుగుతారు. నేనూ అడిగాను. కాని అడుగుతూ ఆవిడ భుజం మీదుగా గోడకి ఆనించి ఉన్న దీన్నే చూస్తున్నాను, అందులోనూ దీని పికప్‌నే చూస్తున్నాను. ఆవిడ గమనించిందో లేదో తెలీదు కాని నాకు సిగ్గేసింది.

పికప్ అంటే ఏముంది, తీగల కింద నాలుగు అయస్కాంతం ముక్కలు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ చుట్టలు చుట్టలుగా, పైన ఒక నల్ల మూత. పైన తీగ వణికితే ఆ వణుకుని పట్టుకుని యాంప్‌కి పంపిస్తుంది. అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెడితే ఉండేంత వస్తువు. దాని గురించి మేం పాడుచేసుకున్న మధ్యాహ్నాలు చెప్పుకుంటే నవ్వుతారు. రికార్డింగు స్టూడియో ఎదురుగా టీ కొట్టు దగ్గర చేరేవాళ్ళం, అందరం బాస్ వాయించేవాళ్ళమే. పాట బావుందా, పాడినావిడ బావుందా అని మాలో ఎవరూ అనగా నేను వినలేదు, మా ఊసంతా పెద్దాయన శబ్దం గురించే, ఆ శబ్దం ఆ నల్ల మూత కింద ఎక్కడ దాక్కుందనే. సర్జన్ అని పిలిచేవాళ్ళం ఒకణ్ణి, ఎవరి గిటార్ కనబడినా విప్పి చూస్తే తప్ప వాడికి అన్నం సయించదు, విప్పింది మళ్ళీ బిగించడం మాత్రం చేతకాదు. పెద్దాయన పికప్ ఒకసారి కాలిపోతే ఫ్యాన్ల మెకానిక్కు చేత చుట్టించాడని, ఆ చుట్టలు ఎగుడుదిగుడుగా పడ్డందువల్లే శబ్దానికి ఆ గుండ్రదనం వచ్చిందని వాడు ఒట్టేసి చెప్పాడు. వాడి మాట నమ్మి నేను నిక్షేపంలాంటి నా పికప్ ఊడదీసి పట్టుకెళ్ళి మా వీధి చివర ఫ్యాన్ల షాపులో ఇచ్చాను. షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఎన్ని రెక్కల ఫ్యానుదమ్మా, అన్నాడు. చుట్టించుకుని వచ్చాక అందులోంచి ఫ్యాను శబ్దమే వచ్చింది. ఇంకొకడు పెద్దాయన గిటార్ తీగలు ఆనే వంతెన కింద స్పాంజి ముక్క పెడతాడంటే నేను అమ్మ గిన్నెలు తోముకునే స్పాంజి కోసి పెట్టాను, అమ్మ రెండ్రోజులు వెతుక్కుంది. ఇప్పుడు వంతెన ఇదిగో నా ఎదుటే ఉంది, కింద స్పాంజీ లేదు, బూజు కూడా లేదు, ఆవిడ రోజూ తుడుస్తుంది కాబోలు.

బాస్ ఎవరికీ వినబడదు. ఇది మా కడుపుమంట. పాట అయిపోయాక అందరూ పాడినవాణ్ణి మెచ్చుకుంటారు, వయొలిన్లు మెచ్చుకుంటారు, నన్నైతే ఆ లావు గిటార్ వాయించినావిడ అంటారు. బాస్ ఆగిపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది, ఏదో వెలితిగా ఉందేమిటని తలలు ఎత్తి చూస్తారు. చిన్నప్పుడు నాకూ వినబడేది కాదు. మా ఇంట్లో చెక్క డబ్బాలాంటి టేప్ రికార్డర్ ఉండేది, జ్వరం వచ్చి స్కూలు ఎగ్గొట్టిన రోజు నేలమీద పడుకుని దానికి చెవి ఆనించాను, చల్లగా ఉంటుందని. మాటలు పోయాయి, గొంతు పోయింది, చెక్కలోంచి ఇంకో పాట వచ్చింది, పాట కింద నడిచే పాట, నెమ్మదిగా, ఎవరో నా వీపు మీద చెయ్యేసి పద పద అంటున్నట్టు. తొందరలేదు దానికి. ఒక్కో స్వరం మొదలవడం మెత్తగా మొదలై, అయిపోయేటప్పుడు ఇంకాస్త ఉంటే బావుండుననిపించేలా అయిపోయేది. అమ్మ వచ్చి నుదురు ముట్టుకుని జ్వరం తగ్గిందే అంది. ఆ తర్వాత నేను పాటలు నిలబడి వినడం మానేశాను. అన్నయ్యే చెప్పాడు దాన్ని బాస్ అంటారని, అది వాయించేది ఫలానా ఆయన అని, ఆయన ఒక్కడి పేరుతోనే ఒక క్యాసెట్ వచ్చిందని. మర్నాటికల్లా ఎవరి దగ్గరో అడిగి ఆ క్యాసెట్ పట్టుకొచ్చాడు కూడా, ఏ మాటకామాట చెప్పుకోవాలి, అన్నయ్య గొప్పలకి పోయినా తెస్తానన్నది తెచ్చేవాడు.

ఆ క్యాసెట్ అట్ట మీదే ఉంది నా బతుకంతా. పెద్దాయన అప్పటికి పెద్దాయన కాదు, నల్లటి జుట్టు, గళ్ళ చొక్కా, తలొంచుకుని బాస్ వాయిస్తున్నాడు, ఎడమచేత్తో. ఎడమచెయ్యి తీగల మీద, కుడిచెయ్యి గిటార్ మెడ మీద. అన్నయ్య దాన్ని భూతద్దంతో చూసి, ఇదన్నమాట రహస్యం, అన్నాడు. ఎడమచేతికి బలం తక్కువ కాబట్టి మెత్తగా మీటుతుందట, అందుకే ఆ శబ్దమట, ప్రపంచంలో ఇంకెవరికీ రాదట. దానిమీద నాకు గంటసేపు పాఠం చెప్పి, పాత బాస్ గిటార్ ఒకటి సంపాదించి, తీగలన్నీ తీసి అటువి ఇటూ ఇటువి అటూ తిరగేసి బిగించాడు. అమ్మ దర్జీ పని చేసేది, మిషను మీంచి తలెత్తి ఆ అట్ట చూసి, ఈయన చొక్కాకి బొత్తాలు ఆడవాళ్ళ వైపు కుట్టారేమిటి, ఎవడో పని రానివాడు కుట్టుంటాడు, పాపం అడగలేదేమో, అంది. మేమిద్దరం నవ్వాం. జేబు కూడా కుడివైపు ఉందే అంది. దానికీ నవ్వాం. ఆ బొమ్మని అచ్చువేసినవాళ్ళు ఎడమా కుడీ తిరగేసి వేశారని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. అన్నయ్య నెల తిరక్కుండా వేళ్ళు నొప్పులని వదిలేశాడు. నేను వదల్లేదు. అన్నం కుడిచేత్తో తింటాను, రాసేది కుడిచేత్తో, బాస్ మాత్రం ఎడమచేత్తో మీటుతాను. ఎడమచేతికి మెత్తగా మీటడం నేర్పడానికి ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నానో, క్యాసెట్ వెనక్కి తిప్పడం, ఆ ఒక్క స్వరం, మళ్ళీ వెనక్కి, మళ్ళీ అదే స్వరం. పక్కింటావిడ వచ్చి మీ అమ్మాయికి రెండో స్వరం ఎప్పుడు నేర్పిస్తారండీ అని అడిగింది.

నిజం తెలిసేసరికి నేను ఆ చేత్తోనే సంపాదించుకు తింటున్నాను. ఆయన కచేరీ ఉందంటే వెళ్ళాను, చివరి వరస. ఆయన వచ్చి కూర్చుని గిటార్ ఒళ్ళోకి తీసుకున్నాడు, దాని మెడ ఇటు ఉండాల్సింది అటు ఉంది. నేను నా పక్కవాడితో, ఇదేమిటి తిరగేసి పట్టుకున్నారు, అన్నాను. వాడు నన్ను జాలిగా చూశాడు. ఇంటికొచ్చి చెబితే అన్నయ్య ఒప్పుకోలేదు, ఈమధ్య మార్చుకుని ఉంటాడులే, అన్నాడు. ఆ రాత్రి ఏడుద్దామనుకున్నాను కాని నవ్వొచ్చింది. నవ్వొచ్చినా లోపల ఎక్కడో గుచ్చుకునే ఉండిపోయింది, ఆయన దారిలోనే నడుస్తున్నాననుకుని ఎదురు దిక్కుగా ఇంత దూరం వచ్చేశానా అని. ఆ తర్వాతే పికప్‌ల పిచ్చి ముదిరింది నాకు. చెయ్యి మార్చుకోలేను, కనీసం వస్తువైనా ఆయనది కావాలి కదా అని.

ఇందాక గుమ్మంలో ఆవిడ చెప్పిన మాట మళ్ళీ మళ్ళీ వినబడుతోంది. ఫోన్లో అంతగా చెప్పలేదు, రేడియోలో నువ్వు వాయించింది విన్నారమ్మా, ఆ అమ్మాయిని ఒకసారి పిలువు, నా గిటార్ వాయిస్తే వింటాను అన్నారు, నీదేమీ తేనక్కర్లేదు, ఉత్త చేతుల్తో రా, అని మాత్రం అంది. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. చెప్పుల జత కూడా సరిగ్గా చూసుకోకుండా బస్సెక్కాను. ఇక్కడికొచ్చాక ఆవిడ తలుపు తీసి, లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"చెవి కూడా పోయిందని ఆయన అనుమానమమ్మా. రేడియో పెడితే రేకు డబ్బా మోగినట్టుంది అంటారు. నేను మాట్లాడినా అంతేనట. డాక్టర్లు చెవి బాగానే ఉందంటారు, ఈయన నమ్మరు. నా గిటార్ శబ్దం నాకు తెలుసు, అది వింటే తేలిపోతుంది అంటారు. చెయ్యి పోయినందుకు ఏడవలేదమ్మా ఆయన. దీనికే రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు."

నేను తలూపాను. నేను ఎడమచేత్తో వాయిస్తానండీ, ఇది నాకు రాదు, అని అక్కడే చెప్పేయాల్సింది. గోడకి ఆనించి ఉన్నదాన్ని చూస్తూ తలూపేశాను, ఇప్పుడు కూర్చుని చెమటలు పట్టించుకుంటున్నాను. ఆయన లెక్క ఏమిటంటే శబ్దం ఈ చెక్కలోనే ఉంది, ఈ నల్ల మూత కిందే ఉంది, బాగా వాయించేవాళ్ళు ఎవరు మీటినా వస్తుంది. టీ కొట్టు దగ్గర మేం చెప్పుకున్నదీ అదే. ఆయన మమ్మల్ని నమ్మినట్టే అయింది. వాయిస్తాను, శబ్దం చచ్చుగా వస్తుంది, ఆయన విని, అయితే చెవి పోయిందన్నమాట, అనుకుంటాడు. అంతే, తేలిపోతుంది.

యాంప్ గొంతు బాగా తగ్గించి, ముందు ఆయన పట్టుకున్నట్టే పట్టుకుని చూశాను. ఎడమచెయ్యి మెడ మీది మెట్ల మీద కొత్త ఇంట్లో దీపం స్విచ్చి వెతుక్కున్నట్టు తడుముకుంటోంది, కుడిచెయ్యి మీటితే బియ్యం డబ్బా మీద కొట్టినట్టు ధబ్ ధబ్. తిరగేసి నా వాటంగా పట్టుకున్నాను, లావు తీగ పోయి అడుగున కూర్చుంది, సన్నది పైకొచ్చింది, నా వేళ్ళు అలవాటు ప్రకారం వెళ్ళి ప్రతిసారీ వేరేవాళ్ళ తలుపు తడుతున్నాయి. తీగలు విప్పి నాకు కావలసినట్టు మార్చుకోవచ్చు. కాని ఇవి వాళ్ళమ్మాయి పెళ్ళికి ముందు వేసినవట, ఎవర్నీ మార్చనివ్వరని ఆవిడ చెప్పింది, పట్టుకుంటే పాచిపట్టిన రాయిలా ఉన్నాయి, బిరడా దగ్గర ఒక మెలిక తిప్పానంటే పుటుక్కుమంటాయి. ఇంకేముంది, అబద్ధం ఒకటి ఉంది. యాంప్ పాడైందండీ, లోపల స్పీకరు కాగితం చిరిగింది, అందుకే శబ్దం అలా వస్తోంది, అనొచ్చు. మంచి అబద్ధం. సర్జన్‌ని పిలిపించి అవునని కూడా చెప్పించొచ్చు.

అమ్మ సూదిలో దారం ఎక్కించలేకపోయిన రోజు ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడు. వెలుతురు కోసం కిటికీ దగ్గరికి వెళ్ళింది, దారం కొస తడిచేసి నలిపింది, మళ్ళీ పెట్టింది, సూది పక్కనుంచి పోయింది. ఈ దారం మంచిది కాదు, అంది. మేం వెంటనే అందుకున్నాం, అవునమ్మా, ఈమధ్య దారాలు బొత్తిగా బావుండటంలేదు, అన్నయ్య అయితే షాపువాణ్ణి నాలుగు తిట్టాడు కూడా. అందరం కలిసి దారాన్నే తిట్టాం. అమ్మ మా ముఖాలు చూసింది. మిషను మీద గుడ్డ కప్పేసింది, ఆ తర్వాత దానిమీద కూరలు తరుక్కునేది. మేం అలా అనకుండా, కళ్ళు తగ్గాయమ్మా, నేను ఎక్కించి పెడతాను, నువ్వు కుట్టు, అని ఉంటే కుట్టేదేమో. రోజూ పది సూదుల్లో ఎక్కించి పెట్టి వెళితే సరిపోయేది. ఎవరికీ తోచలేదు, ప్రేమగా అబద్ధం ఆడటమే తోచింది. అమ్మ మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే. లోపల మంచం కిర్రుమంది, చేతికర్ర నేలకి తగిలింది, ఆవిడ నెమ్మదిగా, నెమ్మదిగా, అంటోంది. నేను గిటార్ గోడకి ఆనించి లేచి నిలబడ్డాను.

మనిషి సగమయ్యాడు. కుడిచెయ్యి పొట్టకి ఆనించి ఎడమచేత్తో కర్ర పట్టుకుని వచ్చాడు, కుర్చీలో కూర్చోడానికి చాలాసేపు పట్టింది, నేను సాయం పట్టబోతే ఆవిడ వద్దన్నట్టు కళ్ళతో చెప్పింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక ఊపిరి తీసుకుని, రేడియో రేకులా మోగినా నీ చెయ్యి బావుందని తెలిసిందమ్మా, అన్నాడు. మాట కాస్త ముద్దగా ఉన్నా తెలుస్తోంది. ఇక ఆగలేకపోయాను. నేను ఎడమచేత్తో వాయిస్తానని, మీ గిటార్ నాకు చేతకాదని, ఇందాక వాయించి చూస్తే చచ్చుగా వచ్చిందని, అందులో మీ చెవి తప్పేమీ లేదని, ఇదంతా మీ క్యాసెట్ అట్ట మీద బొమ్మ వల్ల వచ్చిందని, అన్నయ్య భూతద్దంతో సహా అన్నీ ఏకరువు పెట్టేశాను. ఆయన కదలకుండా విన్నాడు. తర్వాత నోరు ఒకవైపుకి లాగింది, నాకు భయం వేసింది, ఏదో అయిపోతోందని. నవ్వుతున్నాడు. భుజాలు ఊగేలా నవ్వుతున్నాడు, వంటింట్లోంచి ఆవిడ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

"తిరగేసి వేశారని నేను అప్పుడే గొడవపెట్టానమ్మా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఇంత పరిశీలనగా ఎవరు చూస్తారండీ, అన్నారు వాళ్ళు."

నవ్వు ఆగాక గిటార్ వైపు చూశాడు. ఇటివ్వు, అన్నాడు. యాంప్ గొంతు పెంచి, తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను. ఎడమచెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్ళిపోయింది, ఎంత తేలిగ్గా వెళ్ళిందో. వేళ్ళు మెట్ల మీద నడుస్తున్నాయి, టేప్ రికార్డర్‌కి చెవి ఆనించి నేను విన్న పాటే, కాని మీటే చెయ్యి లేదు కాబట్టి వేళ్ళు తీగని నొక్కే టిక్కు టిక్కు తప్ప ఏమీ లేదు. కుడిచెయ్యి పక్కనే వాలి ఉంది. ఆయన ఆ తీగల వైపే చూస్తున్నాడు. నేను ఆలోచించి చేశానని చెప్పలేను. ముక్కాలిపీట లాగి ఆయన కుడిపక్కన భుజానికి భుజం ఆనేలా కూర్చున్నాను, నా ఎడమచెయ్యి ఆయన కుడిచెయ్యి మీదుగా గిటార్ మీద వేశాను, వేళ్ళు తిన్నగా పికప్ మీద వాలాయి, లావు తీగ పైన, సన్నది అడుగున, అన్నీ నాకు ఎక్కడ ఉండాలో అక్కడే. కుడిచేత్తో వాయించేవాళ్ళెవరైనా ఇక్కడ కూర్చుంటే నడుం మెలితిరిగిపోతుంది. నాకు ఎక్కడా ఇబ్బంది లేదు. ఆయన నా చేతికేసి చూసి, వేలు మొదటి మెట్టుకి తీసుకెళ్ళాడు.

మేం లెక్క పెట్టుకోలేదు. ఆయన వేలు నొక్కేసరికి నా వేలు మీటేది, ఎక్కడ ఆగుతాడో ఎక్కడ సాగదీస్తాడో నా చేతికి తెలుసు, జ్వరం వచ్చిన రోజునుంచీ తెలుసు. ఆయన ఊపిరి నా భుజానికి తగులుతోంది. మందుల డబ్బా యాంప్ మీద సన్నగా వణుకుతోంది. శబ్దం ఎలా వచ్చిందో నన్నడిగితే చెప్పలేను, ఇన్నేళ్ళు దానికోసం తిరిగినదాన్ని, దాని మధ్యలో కూర్చుని ఉన్నప్పుడు దాన్ని వినాలని కూడా గుర్తులేదు, ఆయన తర్వాతి స్వరం తప్ప ఇంకేమీ అక్కర్లేదనిపించింది. సగం పాటలో ఆయన ఆపేశాడు. కళ్ళు మూసుకున్నాడు. గుమ్మంలో ఆవిడ నిలబడి ఆయన ముఖాన్నే చూస్తోంది, చేతిలో గరిటె అలాగే ఉంది. అయిపోయింది, రేకు డబ్బా అంటాడు, అనుకున్నాను.

"నీ మధ్యవేలి గోరు తగులుతోంది," అన్నాడు.

వేలు చూసుకున్నాను. పొద్దున్నే తీసుకున్న గోరే, ఒక పక్కన సూదిమొనంత వదిలేశాను. అది తీగకి తగిలిన సంగతి నాకు వినబడలేదు. ఇప్పుడు మీటి విన్నా నాకు వినబడలేదు. ఆవిడ గుమ్మంలోనే కిందికి జారి కూర్చుండిపోయి రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది, నాకూ కళ్ళు కనబడటంలేదు. ఆయన ఒక్కడికే మా ఇద్దరి గొడవా పట్టలేదు, ఎడమచేతి వేళ్ళు మెట్ల మీద మళ్ళీ పాట మొదటికి తీసుకెళ్ళి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇదిగో, ఆ గోళ్ళు తీసేది ఎక్కడుందో చూసి ఈ అమ్మాయికివ్వు," అన్నాడు ఆవిడతో. "మళ్ళీ మొదట్నించీ వాయించాలి."